క్యాన్సర్ లేని ఎలుక

మా ఫార్మసీ కాలేజీలో ఎం.ఫార్మ్ పిల్లలు ఏటా తెచ్చే థీసిస్ అంశాల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది. మగ విస్టార్ ఎలుకలకు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తారు, వృషణాలు దెబ్బతింటాయి, విటమిన్ ఇ కూడా ఇచ్చిన గుంపులో నష్టం తక్కువని చూపిస్తారు. ఫలితమేమిటో సిరంజి తీయకముందే చెప్పగలను. అలాంటి ప్రతిపాదనల మీద నేనిప్పుడు సంతకం పెట్టడం లేదు.

ఫలితం అబద్ధమని కాదు. వీర్యకణం పొరలో ఇట్టే ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ, కాపాడే ఎంజైములు తక్కువ; ఆ ఆక్సీకరణను విటమిన్ ఇ అడ్డుకుంటుంది. ఎపిడిడిమిస్‌ను సన్నగా తరిగి, న్యూబావర్ చాంబర్ గళ్లలో కణాలు లెక్కపెడితే తేడా కనబడుతుంది. అసలు 1922లో బర్క్‌లీలో ఇవాన్స్, బిషప్ విటమిన్ ఇ జాడ పట్టింది కూడా ఎలుకలకు గర్భం నిలవకపోవడం చూసే.

అయితే ఎలుక మనిషి కాదు: ఇలాగే కాపాడే విటమిన్ సిని అది తన కాలేయంలోనే తయారుచేసుకుంటుంది. మనకా భాగ్యం లేదు. అంతకన్నా పెద్ద చిక్కు, బోనులోని ఎలుకకు క్యాన్సరే లేదు. వృషణాన్ని కాపాడిన విటమిన్ కణితిని కూడా కాపాడుతుందేమో ఆ థీసిస్ ఎలా చెబుతుంది? కణితి ఉన్న ఎలుకలో చూపించండి, సంతకం పెడతాను. ఇక మనుషుల విషయానికొస్తే, కీమోతో సంబంధం లేకుండా సంతానలేమి ఉన్న మగవాళ్లకు విటమిన్ సి, ఇ, సెలీనియం వగైరా కలిపి ఇచ్చిన మోక్సీ పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. వాళ్ల వీర్యం మెరుగుపడలేదు.

మా వీధిలో ఒక కుర్రాడికి లింఫోమా. కీమో మొదలయ్యాక వాళ్లమ్మ వచ్చి, “మేడమ్ గారూ, రేపు పిల్లలు పుట్టడానికి విటమిన్ మాత్రలేమైనా చెప్పండి” అంది. చెప్పడానికి నా దగ్గర మాత్ర లేదు. మొదటి డోసుకు ముందే వీర్యం తీసి ద్రవ నత్రజనిలో భద్రపరచవచ్చని వాళ్లకెవరూ చెప్పలేదు. పెళ్లికాని పిల్లాడితో, అందులోనూ తల్లి పక్కనుండగా, ఆ మాటెలా ఎత్తాలని డాక్టర్లకు మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు కుర్రాడు కడతాడు.

కీమోకు ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో ‘వీర్యం భద్రపరచుకుంటారా?’ అన్న ప్రశ్నను ఒక గడిగా అచ్చువేయండి. అప్పుడు ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు, టిక్కు పెడితే చాలు.