బాలయోగి వాడని అధికారం

లోక్‌సభ తొలి దళిత స్పీకర్ ఎవరు? ప్రిలిమ్స్ నోట్స్‌లో జి.ఎం.సి. బాలయోగి గురించి మనం రాసుకునేది ఈ ఒక్క ముక్కే. మెయిన్స్‌కు చదివే మీరు అక్కడే ఆగిపోవద్దు.

ఆయన 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్. 1991లో తెలుగుదేశం తరఫున అమలాపురం ఎంపీ. 1996లో ఓడిపోయి, ఉప ఎన్నికలో ముమ్మిడివరం నుంచి శాసనసభకు వెళ్లి మంత్రి అయ్యారు. 1998 మార్చిలో సంకీర్ణ రాజకీయం ఆయన్ను స్పీకర్ కుర్చీలో కూర్చోబెట్టింది.

అసలు పరీక్ష 1999 ఏప్రిల్ 17న ఎదురైంది. ఆ రోజు వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానంపై ఓటింగ్. కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి, కానీ లోక్‌సభకు రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయకూడదని అధికార పక్షం పట్టుబట్టింది. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటేశారు. 269–270తో ప్రభుత్వం పడిపోయింది.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. ఆ ఓటు లేకపోతే 269–269. ఓట్లు సమానమైతే ఆర్టికల్ 100 ప్రకారం నిర్ణాయక ఓటు స్పీకర్‌దే. ఆయన పార్టీ తెలుగుదేశం ఆ రోజు ప్రభుత్వం వైపే ఉంది. ఓట్ల లెక్క ఆయనకు ముందే తెలియకపోవచ్చు, కానీ పోటీ నువ్వా నేనా అన్నట్టుందని సభలో అందరికీ తెలుసు.

ఆయన బాధ్యత తప్పించుకున్నారనే విమర్శ ఉంది. నేను ఒప్పుకోను. గమాంగ్ ఇంకా శాసనసభ్యుడు కాలేదు, ఎంపీగా ఆయన సభ్యత్వం పోలేదు. అది నైతికంగా సరికాదని మీరూ నేనూ అనవచ్చు. కానీ చట్టం తీసేయని ఓటును స్పీకర్ తీసేస్తే, రేపు ఎవరి ఓటుకూ భద్రత ఉండదు. లోపం చట్టంలో ఉంటే సరిదిద్దాల్సింది పార్లమెంటు.

అదే ఏడాది అక్టోబరులో కొత్త సభ ఆయన్నే మళ్లీ స్పీకర్‌గా ఎన్నుకుంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు.

నేటి ఫిరాయింపుల కేసులు చూడండి. పిటిషన్లపై స్పీకర్లు ఏళ్ల తరబడి తేల్చకపోవడంతో, మామూలుగా మూడు నెలల్లో నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2020లో మణిపూర్ కేసులో చెప్పాల్సి వచ్చింది. అందుకే స్పీకర్ నిష్పాక్షికతపై ప్రశ్న వస్తే, పదో షెడ్యూల్‌తో పాటు ఏప్రిల్ 17నూ రాయండి. పార్టీ ఇచ్చిన పదవిలో ఉండి కూడా పార్టీకి అవసరమైన పని చేయకుండా ఉండవచ్చనడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు.