పిలవని పేరంటానికి వచ్చిందెవరు?

కొండగట్టు మీద నిలబడి నాలుగు దిక్కులా చూసినా గుట్టలూ, చెట్లూ, చెరువులే తప్ప ఉప్పునీటి చుక్క కనిపించదు. అయినా సముద్రం మన హాల్లోకి రావాలి! అద్దాల తొట్టి, ప్యాకెట్లలో ఉప్పు, నాలుగు రంగుల చేపలు, వాటి మధ్య అందానికి సముద్రంలోంచి తీసిన ‘బతికున్న రాయి’. ముచ్చట శ్రీవారిదీ పిల్లలదీ. తొట్టి కడిగే చాకిరీ ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

నెల తిరక్కుండా గగ్గోలు మొదలవుతుంది. “ఏందక్కా గీ పురుగు? మేం కొనలే, పిలవలే, యాడికెళ్ళొచ్చింది?” అని.

అదేం ప్రశ్నమ్మా? రాయిని కొన్నాం గదా! దాని సందుల్లో కాపురమున్నవాళ్ళు మన కోసం ఇల్లు ఖాళీ చేసి వస్తారా? ఇల్లు కొనుక్కుని, లోపలున్నవాళ్ళని దొంగలంటే ఎలా? నా జగడం పురుగుతో కాదు, ఈ మాటతో.

కనిపించినదాన్నల్లా చంపడం కాదు, ముందు ఎవరో పోల్చుకోవాలి. రాత్రి దీపం ఆర్పాక రాతి సందుల్లోంచి పాకే ముళ్ళపురుగు చాలావరకు మన పనిమనిషే. చేపలు వదిలేసిన తిండి తిని తొట్టి శుభ్రం చేస్తుంది. ఉత్తచేత్తో పట్టుకుంటే మాత్రం సన్నటి ముళ్ళు దిగి మంట పెడతాయి. అది మరీ పెరిగిపోయిందంటే తప్పు దానిది కాదు, మీరు గుప్పెడేసి మేత వేస్తున్నారన్నమాట. అంజన్న గుడి దగ్గర అరటిపళ్ళు పంచేదీ మనమే, కోతులెక్కువయ్యాయని తిట్టేదీ మనమే!

అసలు గడుసుది మరొకటుంది. గాజుపువ్వులా లేతగోధుమ రంగులో విచ్చుకునే ఐప్టేసియా. అందంగా ఉంది గదా అని ఊరుకుంటే తొట్టంతా కమ్మేసి, పక్కవాళ్ళను కుడుతుంది. కోపమొచ్చి గీకితే ఇంకా మోసం. తుంగగడ్డిని పైపైన పీకినట్టే, మిగిలిన ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది. దానికి చిక్కటి సున్నపు ముద్దను సిరంజితో నోట్లోకి ఎక్కించడం ఒక మందు. దాన్ని తినే పెప్పర్‌మింట్ రొయ్య మరో మందు. రాత్రిళ్ళు తొట్టిలో టక్ టక్‌మని వినిపిస్తూ, పీతలూ నత్తలూ మాయమవుతుంటే మాంటిస్ రొయ్యను అనుమానించాలి. దాన్ని వేరే తొట్టికి మార్చడమే మర్యాద. ఇవన్నీ ఎందుకంటారా? కొత్త రాయిని ముందు నెల రోజులు విడిగా ఉంచి చూస్తే సగం గొడవ ఉండదు. అది పగడపు తునకైతే మాత్రం గుమ్మం తొక్కనివ్వకండి. 2001 నుంచి మన చట్టంలో రాతిపగడాలకూ పులితో సమానంగా మొదటి షెడ్యూలు రక్షణ ఉంది.

ఇక విసుగెత్తినవాళ్ళ సలహా ఒకటుంది: “తీస్కపోయి నీళ్ళల్ల ఇడిసిపెట్టు, పుణ్యమొస్తది.” దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఉప్పునీటి ప్రాణి మన చెరువులో బతకదు, అది పుణ్యమెలా అవుతుంది? బతికే చోట వదిలితే ఇంకా ప్రమాదం. ఎక్కడో అమెరికా ఖండపు తీరాల ఆల్చిప్ప ఒకటి ఓడల అడుగున అంటుకుని వచ్చి, 1967లో విశాఖ రేవులో బయటపడింది. అక్కడే కాపురం పెట్టేసింది. అద్దాలు నాకి శుభ్రం చేస్తుందని మంచినీటి తొట్టెల వాళ్ళు కొనే దక్షిణ అమెరికా చేపను చూడండి. పెద్దదయ్యాక చెరువుల్లో వదిలేశారు. ఇవాళ ‘దెయ్యం చేప’ పేరుతో జాలరుల వలలు చింపుతోంది. మన హాలు ఖాళీ అయింది, ఎవరిదో పొట్ట కొట్టాం!

వద్దనుకున్న ప్రాణిని కొన్న దుకాణానికే తిరిగివ్వండి, లేదా పెంచగలవాళ్ళకివ్వండి. రాయిని ఎండబెట్టండి. ఉప్పునీటిని మొక్కలకు పొయ్యకండి. ఇదంతా మాకెందుకంటారా? అయితే తొట్టి కొనకముందే శ్రీవారితో ఆ మాట అనండి. రాయిని తెచ్చిన చెయ్యే దాని సందుల్లోని ప్రాణికీ పూచీ పడాలి. ఆ పూచీని చెరువులోకి తోసెయ్యడానికి చెరువు ఎవరి సొమ్మమ్మా?