మన ఉద్యోగాలు ముందు తీసింది మెషిన్ కాదు

పోస్ట్ కాస్త పెద్దది, చివరి దాకా చదవండి.

మొన్న మా కాలేజీకి ఒక గెస్ట్ సార్ వచ్చారు. ఏఐ వచ్చేసింది, టైపింగ్, డేటా ఎంట్రీ, కాల్ సెంటర్ ఉద్యోగాలు ఇక ఉండవు, స్కిల్ పెంచుకోకపోతే వెనకబడిపోతారు అని గంటసేపు చెప్పారు. మేమూ చప్పట్లు కొట్టాం. రాత్రి హాస్టల్లో పదిమందిమి కూర్చుని మాట్లాడుకుంటే కోపం వచ్చింది. వెనకబడిపోతాం అంటున్నారు సరే, మేము ముందుకు ఎప్పుడు వచ్చాం?

మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. అమ్మానాన్నలకి పోడు, జీడిమామిడి, అవీ లేనప్పుడు వలస. పాతపట్నం నుంచి పట్నం వెళ్తే మాకు తెలిసినోళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఒక కంప్యూటర్ ముందు కుర్చీ దొరికితే చాలనుకున్నాం. అది మా మొదటి మెట్టు. ఎక్కేవాళ్లం వచ్చేసరికి ఆ మెట్టే తీసేస్తున్నారు.

2025 జూలైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగుల్ని తగ్గిస్తామంది. ఏఐ వల్ల కాదు, స్కిల్ సరిపోక అన్నారు. పేరు ఏది పెట్టినా ఇంటికెళ్లింది మనుషులే. ఎంతో అనుభవం ఉన్నోళ్లకే అలా ఉంటే మాకేటి దారి? అదే ఏడాది అక్టోబర్‌లో విశాఖలో 1500 కోట్ల డాలర్లతో గూగుల్ ఏఐ హబ్ అని ప్రకటించారు. సంతోషమే. కానీ డేటా సెంటర్ అంటే గదుల నిండా సర్వర్లు. కట్టేటప్పుడు వేలమంది కూలీలు కావాలి, నడపడానికి కొద్దిమంది చాలు. ఇటుకలు మోసినంతసేపే మనకి పని అయితే దాన్ని ఉపాధి అనకండి.

ఇప్పుడు అసలు మాట. మన ఉద్యోగాలు ముందు తీసింది మెషిన్ కాదు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు ఏ రోబో వచ్చింది? కాగితం మీద పోయింది, కాగితం మీదే మళ్లీ రావాలి. రేపు పోస్టులు ఎందుకు నింపలేదని అడిగితే "ఏఐ కాలం కదా" అంటారు. ఆ సాకుని మనం ఒప్పుకోకూడదు.

మెషిన్ చేయలేని పని మన ఊళ్లలోనే ఉంది. మా ఫోన్‌కి తెలుగులో చెప్తే చక్కగా రాస్తుంది, సవరలో చెప్తే ఏదేదో రాస్తుంది. గిడుగు రామమూర్తి గారు మన పక్క పర్లాకిమిడిలో ఉండి, సవర నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు. 1938లోనే అచ్చయింది. ఇన్నేళ్లయినా కొండ మీది గుంటకి ఒకటో తరగతిలో వాడి మాటలో పాఠం చెప్పే టీచర్ అన్నిచోట్లా లేడు. జ్వరమొచ్చిన ముసలమ్మ ఏం చెప్తోందో అర్థం చేసుకునే నర్సు కావాలి. ఆ పోస్టులు మనవి.

కొందరు అన్నలు అంటారు, బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇలాగే భయపడ్డారు, తర్వాత కొత్త ఉద్యోగాలు రాలేదా అని. వచ్చాయి. అవి వచ్చేదాకా ఆగడానికి భూమి, డబ్బు ఉన్నోళ్లకి వచ్చాయి. మనం ఒక్క ఏడాది ఆగితే చెల్లి చదువు ఆగిపోతుంది.

మేము కంప్యూటర్‌కి వ్యతిరేకం కాదు, నేర్చుకుంటాం. కానీ మా హాస్టల్లో కంప్యూటర్ గదికి తాళం, నెట్ లేదు. తాళం వేసి స్కిల్ పెంచుకోమంటే ఎలా?

అడగాల్సినవి మూడే. జీవో 3 స్థానంలో కోర్టులో నిలబడే చట్టం. బ్యాక్‌లాగ్ పోస్టుల భర్తీ. ప్రతి గిరిజన హాస్టల్లో పనిచేసే కంప్యూటర్లు, నెట్. మీ హాస్టల్లో ఎన్ని కంప్యూటర్లు ఉన్నాయో, ఎన్ని పనిచేస్తున్నాయో కింద రాయండి. లెక్క కట్టి ఐటీడీఏకి అర్జీ పెడదాం. లైక్ కొట్టి వెళ్లిపోకండి.

జై ఆదివాసీ.