అర పాయింటు విలువ

చెస్ పోటీ నుంచి వచ్చిన పిల్లాడు ‘డ్రా అయ్యింది నాన్నా’ అంటే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే... ‘అయితే గెలవలేదన్నమాట!’ జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా అంతే. నిజంగా డ్రా అంటే గెలవకపోవడమేనా?

మనవాడి కథే చూద్దాం. 2016లో కొత్త జిల్లాలు రాకముందు ఈ మూడు ఊళ్లూ వరంగల్ జిల్లాలోవే. ఆ వరంగల్‌లో 2003లో పుట్టిన ఇరిగేశి అర్జున్ పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టరయ్యాడు. 2024 సెప్టెంబరులో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డుపై ఆడాడు. మొత్తం 11 ఆటలు. తొమ్మిది గెలిచాడు, రెండు డ్రా చేశాడు, ఒక్కటీ ఓడలేదు.

ఆ రెండు డ్రాల సంగతే అసలు విశేషం. ఒలింపియాడ్‌లో ఒక్కో జట్టు నుంచి నలుగురు ఆడతారు. గెలుపుకి ఒక పాయింటు, డ్రాకి అర. ఏడో రౌండులో చైనాపై గుకేశ్ ఒక్కడే గెలిచాడు. అర్జున్, ప్రజ్ఞానంద, మన గుంటూరు హరికృష్ణ... ముగ్గురూ డ్రా చేశారు. ఒకటికి మూడు అరలు కలిస్తే రెండున్నర. మ్యాచ్ మనది! ఆ ముగ్గురిలో ఒక్కరు ఓడినా మ్యాచ్ సమమయ్యేది.

తొమ్మిదో రౌండులో ప్రత్యర్థి ఉజ్బెకిస్థాన్. 2022లో చెన్నైలో స్వర్ణం గెలిచిన కుర్రాళ్ల జట్టు. నాలుగు బోర్డుల్లోనూ డ్రానే. అర్జున్‌ని నిలువరించిన వొఖిదోవ్‌కి అప్పటికి 22 ఏళ్లు, మనవాడికి 21. ఆ టోర్నీలో భారత్ గెలవని మ్యాచ్ అదొక్కటే, అయినా ఓడలేదు. తర్వాత అమెరికా, స్లొవేనియాలను ఓడించి ఓపెన్ విభాగంలో తొలిసారి స్వర్ణం తెచ్చింది. మూడో బోర్డు వ్యక్తిగత స్వర్ణం అర్జున్‌దే.

చెస్‌లో డ్రా ఊరికే రాదు. బలగం తగ్గిపోయినవాడు పదేపదే చెక్ చెబుతూ అదే స్థితిని మూడుసార్లు రప్పించి బయటపడొచ్చు. చెక్ లేకుండానే కదలడానికి ఎత్తు మిగలని రాజు కూడా ఓటమి తప్పించుకుంటాడు. ఓడాల్సిన ఆటని నిలబెట్టడానికి ఓపిక కావాలి, చివరిదాకా బుర్ర పనిచేయాలి. పరీక్షల్లోనూ, బతుకులోనూ అక్కరకొచ్చేవి అవేగా!

పోటీల్లో పిల్లలు తమ ఎత్తులన్నీ కాగితం మీద రాసుకుంటారు. ఈసారి డ్రా అని చెబితే ఆ కాగితం తెమ్మనండి. ఎక్కడ చిక్కుల్లో పడ్డాడో, ఎలా గట్టెక్కాడో వాడి నోటితోనే చెప్పించుకోండి. ఆట రాకపోయినా ఫర్వాలేదు, వినండి చాలు.