మత్తా, కునుకా?

గుండె తెరచి ఆపరేషను చేశాక కొందరు వృద్ధులకు సంధి పుడుతుంది. నేను తరగతిలో చెప్పే సవర్ణదీర్ఘం కాదు లెండి, కన్నకూతురినే "ఎవరమ్మా నువ్వు?" అనిపించే సంధి. దీనికీ మత్తుమందుకూ లంకె ఉన్నదా?

పాలవలె తెల్లగా ఉండే ప్రోపోఫాల్ మనిషిని మత్తులో ముంచుతుంది. ఆపితే త్వరగానే తేరుకుంటాడు. డెక్స్‌మెడిటోమిడిన్‌ది కోడికునుకు. పిలిస్తే పలుకుతాడు, ఊరుకుంటే మళ్ళీ జోగుతాడు. అయితే నాడి మందగించవచ్చు.

టొరంటో వైద్యులు అరవై దాటినవారిలో ఈ రెంటినీ పోల్చి 2016లో ప్రకటించారు: ప్రోపోఫాల్ ఇచ్చిన 92 మందిలో 29 మందికి, రెండవది ఇచ్చిన 91 మందిలో 16 మందికే సంధి. సంబరపడ్డాను. కాని 2020లో అమెరికాలో సుమారు 800 మందిపై ఆ రెండవ మందును ఉత్త సెలైనుతో పోల్చి చూస్తే సంధి తగ్గనేలేదు!

కనుక ఫలానా మందే ఇవ్వమని డాక్టరుగారితో పేచీ పెట్టుకోకండి. నాన్నగారికి తెలివి రాగానే కళ్ళజోడు అందించండి, పేరుపెట్టి పలకరించండి.