“టెన్షన్ వల్లే, ఏమీ లేదు”

హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ రైలు దిగి కొండాపూర్ వైపు కొలువులకు పోయే జనంలో కొందరికి, దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కంఠోపాఠం. మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, ఉన్నట్టుండి విరేచనం. స్కానింగు, రక్తపరీక్షలు, ఎండోస్కోపీ అన్నీ సవ్యంగానే ఉంటాయి. అప్పుడు చీటీ మీద ‘ఐబీఎస్’ అని మూడక్షరాలు రాసి, “టెన్షన్ వల్లే, ఏమీ లేదు” అని సాగనంపుతారు. ఆ మాటను ఇంట్లోవారు ‘గ్యాస్ ట్రబుల్’ అని, ఆఫీసులోవారు ‘సాకు’ అని తర్జుమా చేసుకుంటారు.

బ్లాగ్మిత్రులు ఆ వాక్యాన్ని మరొకసారి చదవాలని నా మనవి. టెన్షన్ వల్ల అయితే, ఏదో ఒకటి అయివుండాలి కదా! ఏమీ లేకపోతే టెన్షన్ దేనికి కారణమైనట్టు?

పేగు లోపలి పొర ఒకే ఒక్క కణం మందం. పక్కపక్క కణాలను బిగించి ఉంచేవి కొన్ని మాంసకృత్తుల కుట్లు. ఆ కుట్లు వదులైతే సూక్ష్మజీవుల శకలాలు లోనికి జొరబడతాయి. పొర వెనుక కాపలా ఉండే మాస్ట్ కణాలు రేగి హిస్టమిన్ వంటి రసాయనాలను వెదజల్లుతాయి. చెంతనే ఉన్న నాడులు వాటికి స్పందించి, మామూలు కదలికను సైతం నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2014లో ఆరోగ్యవంతులైన యువకులను నలుగురి ముందు ఉపన్యసించమన్నారు. కార్టిసాల్ బాగా పెరిగినవారిలో చిన్నపేగు కుట్లు వదులయ్యాయి. మాస్ట్ కణాలను అదుపుచేసే మందు ముందే ఇస్తే ఆ ప్రభావం కనబడలేదు. అప్రైజలు మీటింగు నాడు కడుపు కదిలే మనిషిని భీరువని నవ్వేవారు ఈ ప్రయోగాన్ని ఏమంటారు?

తీవ్రత మాటకొస్తే, 2009లో అమెరికాలో విరేచనాల రకం ఐబీఎస్ ఉన్న 54 మందిని పరీక్షించారు. లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలను తాగించి, మూత్రంలో ఏది ఎంత వచ్చిందో కొలిచారు. బిగువైన పేగు గుండా లాక్టులోజ్ పెద్దగా దూరలేదు. 39 శాతం మందిలో దూరింది. వారిలోనే బాధ తీవ్రతా, నొప్పికి సున్నితత్వమూ ఎక్కువ.

తక్కిన 61 శాతం మందిలో దూరలేదు. ఇక్కడే నాకు రెండో వర్గంతో పేచీ. ‘లీకీ గట్’ అని భయపెట్టి డబ్బాలకు డబ్బాలు పొడులు అమ్మేవారికి ఆ 61 శాతం కంటికి ఆనదు. 2019లో వెలువడిన ప్రయోగంలో గ్లుటమిన్ పొడి ఎనిమిది వారాలు వాడిన 54 మందిలో 43 మందికీ, ఉత్తుత్తి పొడి వాడిన 52 మందిలో ముగ్గురికే మేలు కనిపించిన మాట నిజమే. అయితే వారందరూ పేగు జబ్బు సోకిన తరువాత ఐబీఎస్ వచ్చినవారు. కుట్లు వదులైనట్టు ముందుగా కొలిచి మరీ ఎంచుకున్నవారు. కొలవకుండా అందరికీ అంటగట్టడం వైద్యం కాదు, బేరం. ఇక జోనులిన్ రక్తపరీక్ష! బజారులోని కిట్లు కొలుస్తున్నది జోనులిన్‌నే కాదని 2018లోనే ఎత్తిచూపారు. అయినా బిల్లులు పడుతూనే ఉన్నాయి.

డాక్టరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: “ఇది మొదలయ్యే ముందు వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చాయా?” కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్ళో 2000 మే నెలలో కుళాయినీరు కలుషితమై 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. అక్కడివారు అంతటితో ఊరుకోలేదు. బతికినవారిని ఏళ్ళ తరబడి గమనించి, వారిలో ఐబీఎస్ ఎంతగా పెరిగిందో లెక్కతేల్చారు. మన నగరంలోనే 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీటికి ప్రాణాలు పోయాయి. చనిపోయినవారి లెక్క పత్రికల్లో చదివాం. బతికినవారిలో ఎందరు ఏ క్లినిక్కు గుమ్మంలో “టెన్షన్ వల్లే, ఏమీ లేదు” అనిపించుకుని వెనుదిరిగారు?