ఓర్పును మెచ్చుకోవడం చాలు

1977 నవంబర్ 19న దివిసీమను ముంచేసిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. 1996 నవంబర్‌లో కోనసీమ తుపానులో చనిపోయినవాళ్ళు దాదాపు వెయ్యి మంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు ఆ సంఖ్య పదుల్లోకి దిగింది. హెచ్చరికలు ముందే అందడం, జనాన్ని వేళకి ఖాళీ చేయించడం, తుపాను షెల్టర్లు కట్టడం వల్ల వచ్చిన మార్పు ఇది. దీన్ని తక్కువ చెయ్యాల్సిన పనిలేదు. కానీ ప్రాణాలు మిగిలాక బతుకు ఎట్లా మిగిలిందన్న లెక్క ఎవరు రాస్తున్నారు?

హుద్‌హుద్ వెళ్ళిపోయిన వారం తర్వాత విశాఖ తీరంలోని ఒక మత్స్యకార గ్రామానికి వెళ్ళాను. నా చేతిలో ప్రశ్నాపత్రం వుంది. అందులో కూలిన యిళ్ళకీ, పోయిన పడవలకీ, వలలకీ, పశువులకీ, పంటకీ గళ్ళున్నాయి. మూడు యిళ్ళు తిరిగాక ఒకామె నా కాగితం వంక చూసి, ‘ఇందులో మా నీళ్ళ గురించి లేదామ్మా?’ అని అడిగింది. కరెంటు లేక వూరి ట్యాంకు మోటారు తిరగడం లేదు. కుళాయిలు వచ్చాక వాడటం మానేసిన పాత బావి పూడిక తీసి, ఆడవాళ్ళు అక్కణ్ణుంచి నీళ్ళు మోస్తున్నారు. తెల్లవారకముందు మొదలైన మోత పొద్దెక్కేదాకా సాగుతోంది. స్త్రీల శ్రమ మీద డాక్టరేట్ చేసిన నేను కూడా ఆ గడి పెట్టలేదు. ఆ సిగ్గు నన్ను యింకా వదల్లేదు.

ఒకప్పుడు యింట్లో లాంతరు వుండేది, వీధిలో బావి వుండేది, పొయ్యికింత పుల్ల వుండేది. ఆ రోజులు మంచివని నేననను. కరెంటు వచ్చి ఆడవాళ్ళ నడుముల మీద బరువు కొంత దించింది. అయితే నీళ్ళు, వెలుతురు, ఫోను, ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్, అన్నీ ఒకే తీగకి వేలాడుతున్నాయి. ఆ తీగ తెగిన రోజున మోటారు బదులు పనిచేసేది మళ్ళీ ఆడదాని నడుమే. విద్యుత్ శాఖ ఎన్ని స్తంభాలు పడిపోయాయో లెక్క చెబుతుంది. ఆ చీకటి రోజుల్లో ఎన్ని బిందెలు మోశారో, రాత్రిపూట బయటికి వెళ్ళడానికి భయపడి ఎంతమంది సాయంత్రం నుంచీ నీళ్ళు తాగడం మానేశారో ఏ శాఖా చెప్పదు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్ళలో వున్నాయి. అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు డ్రోన్లతో కూడా చేరవేశారు. మంచిదే. కానీ కరెంటు లేని మేడ మీద మూడు కుటుంబాలు కలిసి వుంటే మరుగు ఎక్కడ? నెలసరి వచ్చిన పిల్లకి గుడ్డ ఎక్కడ? నెలలు నిండిన మనిషి పడవ ఎక్కేదెట్లా? ఆకాశం నుంచి పొట్లం దించగలిగిన మనకి ఈ ప్రశ్నలు ముందుగా తోచకపోవడం సాంకేతిక లోపం కాదు, చూపులో లోపం.

ప్రకృతికి ఆడా మగా తేడా లేదంటారు. ప్రకృతికి లేకపోవచ్చు, సమాజానికి వుంది. 2004 సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యకి దాదాపు మూడు రెట్లని ఆక్స్‌ఫామ్ 2005లో తేల్చింది. వేటకెళ్ళిన మగవాళ్ళ పడవల కిందనుంచి అల సాగిపోయింది. ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళనీ, యింట్లో పిల్లల్ని పట్టుకుని వున్నవాళ్ళనీ అది ఈడ్చుకుపోయింది. కడలి పక్కనే పుట్టి పెరిగిన ఆడపిల్లకి ఈత నేర్పకపోవడం ప్రకృతి చేసిన పని కాదు గదా!

సహాయం దగ్గరా అంతే. పడవకీ వలకీ పరిహారం నిబంధనల్లో వుంది. ఆ చేపని గంపలో పెట్టుకుని వూరూరా తిరిగి అమ్మే స్త్రీ గంపకి, ఎండబెట్టుకున్న చేపకి గడి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల చట్టం కౌలు కార్డుకి భూయజమాని అంగీకారం కావాలంది. మగ కౌలుదారుకే సంతకం దొరకని చోట ఒంటరి స్త్రీకి ఎవరు పెడతారు? 2005 విపత్తు నిర్వహణ చట్టం రాసినప్పుడు కనీస సహాయ ప్రమాణాల్లో వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు వుండాలన్నారు. అంటే మొగుడు పోయాక గానీ ఆడది ఆ చట్టానికి విడిగా కనబడలేదు. బతికున్న మొగుడితో కలిసి గంప మోసే ఆమె, నారు వేసే ఆమె ఆ వాక్యంలో లేరు.

ఈ మధ్య ప్రభుత్వ పత్రాల్లోనూ, మన సంస్థల ప్రాజెక్టు ప్రతిపాదనల్లోనూ ‘తట్టుకునే శక్తి’ అన్న మాట బాగా వినబడుతోంది. స్త్రీలలో ఆ శక్తిని పెంచుతామని మనమూ రాస్తున్నాం. వాళ్ళు తట్టుకోవడం ఎప్పుడో నేర్చుకున్నారు. వేరే దారి లేక నేర్చుకున్నారు. ఇంకా తట్టుకొమ్మని శిక్షణ యివ్వడమంటే, సమాజం మోయాల్సిన బరువుని మళ్ళీ వాళ్ళ నెత్తినే పెట్టి, ‘ఎంత ఓర్పమ్మా నీకు’ అని మెచ్చుకోవడమే. తట్టుకునే శక్తి వుండాల్సింది నీటి పథకానికి, ఆరోగ్య కేంద్రానికి, రోడ్డుకి, రేషన్ షాపుకి.

అందుకని కొన్ని స్పష్టమైన డిమాండ్లు మన ముందుంచుతున్నాను. మరణాలనీ నష్టాలనీ స్త్రీ పురుషుల వారీగా విడివిడిగా లెక్కగట్టాలి. గంపకీ, కుట్టు మిషనుకీ, టిఫిన్ బండికీ నష్టం రాయాలి. ప్రతి వూళ్ళో తాగునీటి మోటారుకీ ఆరోగ్య కేంద్రానికీ సౌర విద్యుత్తో, జనరేటరో విడిగా వుండాలి. కనీసం ఒక చేతిపంపుని ఏడాది పొడవునా పనిచేసే స్థితిలో వుంచాలి. షెల్టర్‌లో వెలుతురూ, గడియ పడే మరుగుదొడ్డీ వుండాలి, తాళం చెవి వూరి ఆడవాళ్ళ దగ్గర వుండాలి. యజమాని సంతకంతో పనిలేకుండా సాగు చేసిన మనిషికే సహాయం అందాలి. విపత్తు వచ్చిన చోట పొదుపు సంఘాల వాయిదాలు ఆపాలి.

వచ్చే తుపాను కాలానికి ముందే మీరు పనిచేసే వూళ్ళో ఆడవాళ్ళతో కూర్చుని ఒక కాగితం మీద గళ్ళు గీయండి. ఏ గళ్ళు వుండాలో వాళ్ళనే చెప్పమనండి. ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టించి, తీర్మానం చేయించి, మండలాఫీసులో యిచ్చి రసీదు తీసుకోండి. ఆ రోజు నా కాగితంలో లేని గడిని ఒకామె చూపించింది. అది యింకా ప్రభుత్వ కాగితంలోకి ఎక్కలేదు.